24 పోర్టుల పీఓఈ స్విచ్: చెన్నై ఉప్పుగాలిలో మూడేళ్లు

నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే (పీఓఈ) ఈ స్విచ్ వేగం గురించి వంక పెట్టడానికేం లేదు. ఫ్యాను మోత మాత్రం మనుషులు కూర్చునే గదిలో భరించలేం, ర్యాక్ గదిలో పెట్టాల్సిందే.

ఈ స్విచ్‌ను జనం తిట్టేది పోర్టులు వాటంతటవే ఆగిపోతున్నాయని. లైటు నారింజకి మారగానే పోర్టు కాలిపోయిందంటారు. చాలాసార్లు కాలదు, స్విచ్చే మూసేస్తుంది. స్విచ్ కమాండ్ లైన్‌లో 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్ర్-డిజేబుల్డ్' కొడితే కారణం పేరుతో సహా చెబుతుంది. బీపీడీయూ గార్డ్ (నెట్‌వర్క్‌లో లూపు పడకుండా చూసే కాపలా) అని వస్తే ప్యాచ్ కార్డు రెండు కొసలూ గోడ సాకెట్లలోనే గుచ్చారేమో ముందు చూడండి. పోర్ట్ సెక్యూరిటీ అయితే మ్యాక్ పరిమితి, అంటే ఒక పోర్టులో ఎన్ని పరికరాల చిరునామాలను ఒప్పుకోవాలన్నది, మామూలుగా 1 ఉంటుంది; ఐపీ ఫోను వెనక కంప్యూటర్ ఉన్నచోట అది చాలదు, 3 పెట్టండి.

అసలు తలనొప్పి లింక్ ఫ్లాప్. 10 సెకన్లలో 5 సార్లు లింకు పోయి వస్తే పోర్టు మూతపడుతుంది. తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క చోట్ల కేబుల్ కొసనుండే ఆర్‌జే45 క్లిప్పు తీసి వెలుతురులో చూడండి: చవక రకమైతే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. గీకి మళ్లీ పెట్టడం దండగ, కోసేసి కొత్తది క్రింప్ చేయాలి (పనిముట్టుతో నొక్కి బిగించాలి). గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు తీగల జతలూ కావాలి కాబట్టి, వేగం 1000 ఎంబీపీఎస్ రావాల్సిన చోట 100 చూపిస్తే ఒక జత తెగిందనే మొదటి అనుమానం. ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి. లేట్ కొలిజన్లు (డేటా ఆలస్యంగా ఢీకొనడం) కనిపిస్తే డూప్లెక్స్ తేడా, అంటే ఒకవైపు ఒకేసారి పంపి అందుకునే పద్ధతి, రెండోవైపు వంతులవారీ పద్ధతి. రెండు వైపులా ఆటో పెట్టండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కేబుల్ కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, పీఓఈకి పనికిరాదు.

కారణం సరిచేశాక ఆ పోర్టుకి 'షట్‌డౌన్' కమాండ్ ఇచ్చి, ఆపైన 'నో షట్‌డౌన్' ఇవ్వండి. ఆటో రికవరీ ఆన్ చేస్తే 300 సెకన్లకు పోర్టు తనే తెరుచుకుంటుంది. లింక్ ఫ్లాప్‌కి పర్లేదు గానీ బీపీడీయూ గార్డ్‌కి పెట్టొద్దు: లూపు అలాగే ఉంటే ఐదేసి నిమిషాలకు అదే తంతు.

రాత్రిపూట మాత్రమే కెమెరాలు పోతున్నాయా? చీకట్లో చూడ్డానికి వాటిలో ఉండే ఐఆర్ లైట్లు వెలిగాక కరెంటు చాలడం లేదేమో. స్విచ్ అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల 370 వాట్ల బడ్జెట్ 15.4 వాట్ల చొప్పున 24 పోర్టులకూ సరిపోతుంది, 30 వాట్ల చొప్పునైతే 12కే.

పక్కపక్క పోర్టులు నాలుగో ఎనిమిదో ఉరుముల రాత్రి ఒకేసారి చస్తే మాత్రం కమాండ్లతో కుస్తీ వద్దు. వాటన్నిటి వెనకా ఉండేది సాధారణంగా ఒకే చిప్పు. వారంటీ కాగితం వెతకండి.