హటరైట్ కాలనీ ఫోటోలు పుస్తకంగా వేయించాను: మొదటిసారి ఒక మనిషి మాయం, నలుపంతా ముద్ద

ఫోటోలు అప్‌లోడ్ చేస్తే పుస్తకంగా కుట్టి ఇంటికి పంపే ఆన్‌లైన్ సర్వీసు ఒకదాని మీద ఈ రివ్యూ. పేరు మాత్రం రాయను. మొదటిసారి తప్పు చేశారు, గొడవ పెట్టుకోకుండా మళ్ళీ వేసి పంపారు, అలాంటప్పుడు వాళ్ళని బజారుకెక్కించడం బాగోదు. పైగా నాకొచ్చిన ఇబ్బందులు ఏ సర్వీసులోనైనా వచ్చేవే, ముఖ్యంగా మీ ఫోటోల్లో నల్లబట్టలు ఎక్కువుంటే.

నా ఫోటోల్లో ఎక్కువ కాదు, దాదాపు అవే. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, బ్రాండన్ ఊరికి గంట లోపు దూరంలో ఉన్న ఒక హటరైట్ కాలనీలో మూడేళ్ళుగా అప్పుడప్పుడూ వెళ్ళి తీసినవి. కోళ్ళు కొనడానికని వెళ్ళినవాణ్ణి, అలవాటై ఊరికే కూడా వెళ్ళడం మొదలుపెట్టాను.

హటరైట్ల గురించి తెలియనివాళ్ళకి కాస్త. 1528లో మొరావియాలో (ఇప్పటి చెక్ దేశంలో ఉంది), మత హింస నుంచి పారిపోతూ, దారిలో నేల మీద ఒక వస్త్రం పరిచి ఎవరి దగ్గరున్నది వాళ్ళు అందులో వేసేసిన క్రైస్తవుల వారసులు వీళ్ళు. వాళ్ళ నాయకుడు జాకబ్ హట్టర్‌ని 1536లో ఇన్స్‌బ్రుక్‌లో సజీవంగా కాల్చేశారు. మధ్యలో కొన్ని తరాలు ఆ పద్ధతి తప్పినా మళ్ళీ దానికే వచ్చారు: సొంత ఆస్తి ఉండదు, పొలం, ట్రాక్టర్లు, వంటిల్లు అన్నీ ఉమ్మడి. రష్యా నుంచి 1874లో అమెరికాలోని డకోటాకి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టబోమన్నందుకు నానా బాధలు పడి, 1918 నుంచి చాలామంది కెనడాకి తరలిపోయారు. వీళ్ళలో ఉన్న శాఖల్లో మానిటోబాలో ఉన్నది ష్మీడెలాయిట్ శాఖ.

ఫోటో అంటే వీళ్ళకి చిన్న విషయం కాదు. చెక్కిన ప్రతిమ చేయకూడదన్న ఆజ్ఞని ఫోటోకి కూడా వర్తింపజేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కెనడాలోనే ఇంకో రాష్ట్రం ఆల్బర్టాలో డ్రైవింగ్ లైసెన్సు మీద ఫోటో తప్పనిసరి చేస్తే విల్సన్ కాలనీ వాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2009లో 4-3తో ఓడిపోయారు. నేను వెళ్ళే కాలనీలో అంత పట్టింపు లేదు గానీ, ప్రీచర్ గారు మూడు షరతులు పెట్టారు. ప్రార్థన జరుగుతుంటే కెమెరా బయటికి తీయకూడదు, ఎవరినీ నిలబెట్టి పోజు పెట్టించకూడదు, నెట్‌లో పెట్టకూడదు. మూడోదాని వల్లే పుస్తకం అనే ఆలోచన వచ్చింది. తీసినవి వాళ్ళకి చూపించాలంటే ఇంకో దారి లేదు.

సరే, ఆర్డర్ సంగతి. 12 అంగుళాల చదరం సైజు, 60 పేజీలు, మ్యాట్ పేపరు, రెండు కాపీలు. షిప్పింగ్‌తో కలిపి 310 కెనడియన్ డాలర్లు. పదకొండు రోజులకి వచ్చింది. అట్ట చూసి మురిసిపోయాను, లోపల తెరిచేసరికి నీరసం వచ్చేసింది.

సాయంత్రం ప్రార్థనకి మంచులో నడిచి వెళ్తున్న మగవాళ్ళ ఫోటో ఉంది, ఏడుగురు, అందరివీ నల్ల కోట్లు. స్క్రీన్ మీద చూస్తే ఒక్కో కోటుది ఒక్కో నలుపు. ఉతికి ఉతికి గోధుమరంగు తిరిగినది ఒకటి, కొత్తగా నిగనిగలాడేది ఒకటి, మోచేతుల దగ్గర అరిగి మెరుస్తున్నది ఒకటి. పుస్తకంలో ఏడు తలలున్న ఒకే తారు ముద్ద. ఆడవాళ్ళు తలకి కట్టుకునే నల్ల రుమాలు, వాళ్ళ భాషలో టీఖ్ల్, దాని మీద తెల్ల చుక్కలుంటాయి. చుక్క సైజు శాఖని బట్టి మారుతుంది, లెహ్రర్‌లాయిట్ అనే ఇంకో శాఖవాళ్ళ చుక్కలు పెద్దవి. ఈ కాలనీలో పెద్దవాళ్ళ రుమాళ్ళ మీద ఆవగింజంత ఉంటాయి. ఆ ఆవగింజలన్నీ ప్రింటులో ఎగిరిపోయాయి.

రెండో తప్పు బైండింగుది, కాదు నాదే అనాలేమో. జూలైలో బఠాణీలు ఒలిచే రోజున కాలనీ ఆడవాళ్ళందరూ పెద్ద బల్ల చుట్టూ చేరతారు, చేతులు ఆగవు, నోళ్ళు అసలే ఆగవు. ఆ ఫోటో నాకు ప్రాణం. దాన్ని రెండు పేజీలు కలిపి పరిచాను. మామూలు బైండింగులో మధ్య మడత దగ్గర ఎంత లోపలికి పోతుందో సైటు ప్రివ్యూలో కనబడదు, బల్లపరుపుగా బ్రహ్మాండంగా చూపిస్తుంది.

ఆ తప్పు కాపీనే ఒకసారి కాలనీకి పట్టుకెళ్ళాను, ఏమంటారో చూద్దామని. అక్కడొక ఆంకెలా ఉంది. ఆంకెలా అంటే నాయనమ్మ, అమ్మమ్మ. మనలాగే వీళ్ళూ పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలవరు, ఆడవాళ్ళయితే బాజెల్, మగవాళ్ళయితే ఫెటర్ తగిలిస్తారు. ఆవిడ వెలుతురు బాగుందా ఫ్రేము బాగుందా అని చూడలేదు, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని వేలితో మనుషుల్ని లెక్కపెట్టింది. పది వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. "ఆ రోజు పదకొండు మందిమి, దాన్నెక్కడ దాచావ్?" అని, మడతలోకి బొటనవేలు పెట్టి పేజీని గట్టిగా వెనక్కి వంచింది. పదకొండో ఆవిడ చెవీ, సగం బుగ్గా బయటికొచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ సిగ్గేసింది.

ఇంటికొచ్చి కస్టమర్ సర్వీసుతో చాట్ పెట్టాను. మొదట "మీ స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎక్కువుండొచ్చు" అన్న రెడీమేడ్ సమాధానమే. అది నిజమే కూడా, కానీ అసలు కథ అది కాదు. మూడో రోజు మాట్లాడినావిడకి విషయం తెలుసు. ఆర్డర్ చివరి పేజీలో "ఫోటోలను ఆటోమేటిక్‌గా మెరుగుపరచు" అని ఒక గడి ఉంటుంది, అది ముందే టిక్ పెట్టి ఉంటుంది, దాన్ని మనమే తీసేయాలట. ఆ సాఫ్ట్‌వేర్‌కి పెళ్ళి ఫోటోలూ బీచ్ ఫోటోలూ తప్ప ఇంకేం తెలియదనుకుంటా, కాంట్రాస్ట్ పెంచేసి నీడల్లో ఉన్న వివరమంతా మింగేసింది. ఈ ముక్క పెద్ద అక్షరాల్లో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

రెండోసారి చేసినవి ఇవి. ఆ టిక్ తీసేశాను. వాళ్ళ ప్రింటర్ ప్రొఫైల్ అడిగి తీసుకుని (వాళ్ళ మెషిన్ రంగుల్ని ఎలా వేస్తుందో చెప్పే ఫైలు, అడిగితేనే ఇస్తారు) దాంట్లో ఎలా కనబడుతుందో చూసుకుంటూ నీడల వెలుతురు కొద్దిగా, సుమారు అర స్టాప్, పెంచాను. మ్యాట్ పేపరు మీద నలుపు ఎలాగూ పలచబడి చదునుగా కనిపిస్తుంది, అందుకని లస్టర్ అనే కాస్త మెరుపుండే పేపరుకి మారాను. బైండింగు లేఫ్లాట్, అంటే పేజీలు పూర్తిగా పరుచుకునేది. దానికి తేడా 40 డాలర్లు కట్టించుకున్నారు, మిగతాదంతా ఉచితం. అన్నిటికంటే ముందు ఆ ఏడు కోట్ల ఫోటో ఒక్కటీ 8×10 ప్రింటు తెప్పించుకుని కిటికీ దగ్గర పెట్టి చూశాను. నాలుగు డాలర్లు. ఇది మొదటే చేసుంటే ఈ రివ్యూ సగం ఉండేది కాదు.

ఈసారి ఏడు కోట్లూ ఏడు కోట్లలాగే ఉన్నాయి. చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. డైనింగ్ హాల్లో ఒక వైపు మగవాళ్ళు, ఇంకో వైపు ఆడవాళ్ళు కూర్చున్న ఫోటో రెండు పేజీల మీద ఎవరినీ మింగకుండా పరుచుకుంది. లోపాలు లేవని కాదు. లస్టర్ మీద వేలిముద్రలు దారుణంగా పడతాయి, వందమంది చేతులు మారే పుస్తకానికి ఇది పెద్ద సమస్యే. వెన్ను మీద అక్షరాలు ఒక కాపీలో కాస్త పక్కకి జరిగాయి. ప్యాకింగు పల్చని అట్టపెట్టె, ఒక మూల నలిగింది.

ఇంటి ఫంక్షన్ల ఆల్బమ్‌కైతే వీళ్ళకి నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. ఇలా డాక్యుమెంటరీ పని చేసేవాళ్ళకి, టిక్ సంగతి తెలిసుంటే 5కి 4, తెలియకపోతే 2.

పుస్తకం ఎవరికివ్వాలి అని చాలా ఆలోచించాను, అక్కడ "ఇది నాది" అనే మనిషి ఉండడు కదా. ప్రీచర్ గారు ఒక కాపీ జర్మన్ బడిలో పెట్టించారు. రెండోది బీరువాలో దాచారు. కాలనీ జనం 120, 150 దాటితే రెండుగా చీలి, సగం మంది కొత్త చోటికి వెళ్ళిపోతారు, అన్నీ పంచుకుంటారు. వీళ్ళిప్పుడు 118. ఎవరు వెళ్ళాలో ఎవరుండాలో చీటీ తీసి తేల్చడం పాత ఆచారం. "రెండు తెచ్చి మంచి పని చేశావ్, ఒకటి పంచుకోలేం" అన్నారాయన. పదకొండు మందిలో పదిమందే కనబడే ఆ పాత కాపీలు రెండూ నా దగ్గరే ఉన్నాయి.