ఒలిచిన పండు, కడగని చేతులు: మూడేళ్ల షుగర్ సెన్సర్ అనుభవం

నాకు టైప్ 1 మధుమేహం. చేతికి అతికించుకునే షుగర్ సెన్సర్ వాడుతూ మూడేళ్లు దాటింది. అది ఎలా అతుక్కుంటుంది, ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఫోనుతో ఎలా మాట్లాడుతుంది అన్నవి వాడేవాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క సదుపాయం గురించి: వేలి రక్తంలో చూసిన అంకెను యాప్‌లో నమోదు చేసి సెన్సర్‌ను సరిదిద్దే కాలిబ్రేషన్. మొదటి ఏడాది కనిపించిన వాళ్లందరి దగ్గరా దాన్ని పొగిడాను. ఇప్పుడు దాని మీద ఉన్న కోపం ఎనిమిది నెలలైనా చల్లారలేదు.

మేలు చేసిన మాట ముందు ఒప్పుకోవాలి. నిద్రలో షుగర్ పడిపోతే నాకు మెలకువ రాదు. అర్ధరాత్రి అలారం మోగించి ఈ పరికరం నన్ను రెండుసార్లు కాపాడింది. అందుకే అది ఏ అంకె చూపినా మారుమాట లేకుండా నమ్మే అలవాటు పడింది.

ఆ సాయంత్రం పాపకు నారింజపండు ఒలిచి పెట్టాను. చేతులు తువ్వాలుతో తుడుచుకున్నానే గానీ కడుక్కోలేదు. ఫోను 134 చూపిస్తోంది. సెన్సర్ చివరి రోజుల్లో ఉంది కదా అని అనుమానం వచ్చి, స్పిరిట్ దూదితో వేలు తుడుచుకుని, పొడుచుకుని చూశాను. 248. సెన్సరుకూ వేలికీ తేడా వస్తే వేలినే నమ్మాలని ఏళ్ల తరబడి విన్నవాణ్ణి. 248 నమోదు చేశాను. ఒక్కసారిగా 114 తేడా వచ్చింది, మళ్లీ చూసుకోమని యాప్ అడగలేదు. కాసేపటికి తన అంకెను 226కు మార్చుకుంది. ఇన్సులిన్ మోతాదు లెక్కగట్టే పేజీ తెరిచాను. నా లక్ష్యం 120, ఒక యూనిట్‌కు నాకు 50 తగ్గుతుంది. రెండు యూనిట్లు వేసుకోమంది. వేసుకున్నాను. భోజనానికి ఇంకా రెండు గంటలుంది.

గంటన్నర గడిచేసరికి చొక్కా చెమటతో తడిసింది. చేతులు వణికాయి, పెదవులు తిమ్మిరెక్కాయి. ఈ లక్షణాలు నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. అయినా ఫోను తీసి చూశాను. 142. బాణం కిందికి వాలి ఉంది, అంతే. షుగర్ ఎక్కువ నుంచి వేగంగా దిగేటప్పుడు అంకె బాగానే ఉన్నా ఒళ్లు ఇలాగే తూలుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. 70కి దిగితే మోగవలసిన అలారం మోగలేదు. నా మాట తడబడటం మా ఆవిడ గమనించింది. "ఆ ఫోను పక్కన పెట్టండి. ముందు చేతులు కడుక్కుని మళ్లీ పొడుచుకోండి" అంది. కడుక్కుని చూస్తే 49.

15 గ్రాముల గ్లూకోజ్ మింగాను. 15 నిమిషాలు ఆగి చూస్తే 63. మళ్లీ అంతే తీసుకున్నాను. 88కి వచ్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. పాప ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

తరువాత చదివితే ఇది ఎప్పుడో తెలిసిన సంగతేనని తేలింది. పండు ఒలిచిన చేతిని కడగకుండా వేలి రక్తం చూస్తే అంకె విపరీతంగా పెరుగుతుందని, స్పిరిట్ దూదితో తుడిచినా సరిపోదని, నీళ్లతో కడిగితేనే సరైన అంకె వస్తుందని జపాన్ పరిశోధకులు 2011లోనే ప్రచురించారు. వేలి మీద మిగిలిన పండురసాన్ని నేను రక్తంలోని చక్కెరగా యంత్రానికి చెప్పాను. ఆ తరువాత యంత్రం చేసిన ప్రతి కూడికా, ప్రతి తీసివేతా సరైనదే. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానానికి జరిగిందీ ఇలాంటిదే. ఇంధన గేజీలు పనిచేయడం లేదు. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలోలని లెక్కించవలసింది, 1.77తో గుణించారు. అది పౌండ్ల లెక్క. 22,300 కిలోలు ఉందనుకున్న చోట అందులో సగం కన్నా తక్కువే ఉంది. సిబ్బంది ఆ తప్పు అంకెనే కంప్యూటర్‌కు ఇచ్చారు. అది అక్కడి నుంచి ఖర్చయినంతా తీసివేసుకుంటూ పోయింది. 41,000 అడుగుల ఎత్తులో ఇంధన పీడనం పడిపోయిందన్న హెచ్చరికలు మోగే సమయానికి కూడా కంప్యూటర్ లెక్కలో ఇంధనం దండిగా ఉంది. రెండు ఇంజిన్లూ ఆగిన విమానాన్ని గాలిలో జారుస్తూ గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దింపారు. 69 మందీ బతికారు. ఆ ఉదంతం చదువుతున్నంతసేపూ నాకు ఫోనులోని 142 కళ్ల ముందు కదిలింది.

అసలు కోపం వారం చివర వచ్చింది. యాప్ పంపిన నివేదికలో, 226 నుంచి దిగిన ఆ కాసేపు తప్ప, ఆ సాయంత్రం మొత్తం ఆకుపచ్చగా ఉంది. 70కీ 180కీ మధ్య ఉన్న సమయమంతా మంచి సమయమే కాబట్టి, నేను 49 దగ్గర వణుకుతూ కూర్చున్న ఆ పది నిమిషాలు కూడా మంచి ఖాతాలోనే పడ్డాయి. తప్పు కాలిబ్రేషన్‌ను చెరిపేసే దారి ఎంత వెతికినా దొరకలేదు. డాక్టరు గారు ఆ నివేదికే చూసి మోతాదులు నిర్ణయిస్తారు. ఆయన చూసే పేజీ మీద ఆ తేదీ పక్కన పెన్నుతో రాసి ఇచ్చాను.

వ్యతిరేక దిశలోనూ ఇది పొరబడుతుంది. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే ఆ చోట ఒత్తిడికి అంకె పడిపోయి ఉత్తుత్తి అలారం మోగుతుంది. నిద్ర చెడుతుందే గానీ, లేచి వేలు చూసుకుంటే పోతుంది. అందుకని దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

వాడటం మానేశానా అంటే, లేదు. మానితే నా రాత్రులకు కాపలా ఉండదు. కానీ "ఇక వేలు పొడుచుకోనక్కరలేదు" అని అప్పట్లో నలుగురికీ చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాళ్లలో ఇద్దరికి ఫోను చేసి చెప్పాను కూడా. ఒంట్లో తేడాగా ఉంటే ఇప్పుడు ఫోను వైపు చూడను, సబ్బు దగ్గరికి వెళ్తాను. ఎక్కువ తేడా వస్తే పావుగంట ఆగి, రెండోసారి కడిగిన చేతితో చూశాకే నమోదు చేస్తాను.

మాత్రలతో సరిపోయేవాళ్లకు ఇంత ప్రమాదం లేకపోవచ్చు. ఆకలి మందగించి, ఇన్సులిన్ వేసుకుని, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మాత్రం కాలిబ్రేషన్ సంగతి డాక్టరును అడక్కుండా కొనమని చెప్పలేను. నాకైతే ముఖం చూసి పోల్చుకునే మనిషి ఇంట్లో ఉంది.

మొన్న సోమవారం కొత్త సెన్సర్ పెట్టుకున్నాను. మొదటి రోజు వేలికీ దానికీ 22 తేడా వచ్చింది. కాలిబ్రేషన్ పేజీ తెరిచి, మళ్లీ మూసేశాను. మర్నాటికి తేడా 6కు దిగింది.