తిరుపతిలో వీకెండ్ కారు: పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్, చాన్నాళ్లు తిప్పాక నా మాట

‘అన్నా, స్పోర్ట్స్ కారు మాదిరి ఉండాల, పది లక్షల్లోపే రావాల, శని ఆదివారాలు తిప్పుకోడానికి, ఏది తీస్కోమంటావ్?’ మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రోళ్లు అందరూ నన్ను అడిగేది ఇదే. వారమంతా స్కూటర్ మీద తిరిగి శనివారం పొద్దున్నే కారు కవర్ తీసే మనిషినని అందరికీ తెలుసు కదా. నా దగ్గరుండేది ఫోక్స్‌వ్యాగన్ పోలో, 1.0 టీఎస్ఐ (టర్బో ఉన్న ఒక లీటరు పెట్రోల్ ఇంజన్), 6 గేర్ల మాన్యువల్, 2021 మోడల్, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఒక్కొక్కరికీ టీ కొట్టు దగ్గర నిలబడి చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా.

ముందు ఒక మాట. అసలు సిసలు స్పోర్ట్స్ కారు అంటే రెండు సీట్లు, తక్కువ బరువు, వెనక చక్రాలకి పవర్, అదీ మామూలు జీతగాడు కొనగలిగే రేటు. అమెరికాలో, యూరప్‌లో ఈ ప్రశ్న అడిగితే జనం కళ్లు మూసుకుని మజ్డా ఎంఎక్స్-5 అంటారు, 1989 నుంచీ వస్తున్న బండి అది. మనకి మజ్డా కంపెనీయే లేదు. దిగుమతి చేసుకుందామంటే ట్యాక్సులతో కలిపి ఆ రేటుకి తిరుచానూరులో స్థలం వస్తుంది. కాబట్టి మన లెవెల్లో స్పోర్ట్స్ కారు అంటే టర్బో ఇంజన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాకే, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

అదైనా మన దేశంలో నిలవడం కష్టంగానే ఉంది. 2015లో ఫియట్ వాళ్లు అబార్త్ పుంటో తెచ్చారు, 145 హార్స్ పవర్, ఆ రోజుల్లో ఆ రేటుకి అంత పవర్ ఎవరూ ఇవ్వలేదు, తర్వాత కంపెనీయే సర్దుకుని వెళ్లిపోయింది. 2017లో మారుతి బలేనో ఆర్ఎస్ వచ్చింది, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు కూడా ఇచ్చారు, మైలేజీ చూసే జనం దాన్ని పట్టించుకోలేదు. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో చెప్పేసింది. మన పోలో 2010లో మొదలై 2022లో ఆగిపోయింది, చివర్లో లెజెండ్ ఎడిషన్ అని కొన్ని వందల బండ్లు అమ్మి మూసేశారు. అంటే బాగుండేవన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లోనే వెతుక్కోవాల.

ఇంతకీ నేను పోలోనే ఎందుకు తీసుకున్నా అంటే ఒకటే కారణం, మన రోడ్లు. హైవే మీద నిటారుగా స్పీడు పోవడం ఏ కారైనా చేస్తుంది, దాంట్లో నాకు మజా ఏం కనపడదు, పైగా కెమెరాలు, చలాన్లు. అరవైలో పోతున్నా నవ్వొచ్చే బండి కావాల. 110 హార్స్ పవర్ అంటే ఇప్పటి లెక్కన పెద్ద సంగతేం కాదు, అసలు విషయం టార్క్, అంటే ఇంజన్ లాగే బలం. 175 ఎన్ఎం, అదీ 1750 ఆర్పీఎంకే (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మొత్తం దొరికేసి 4000 దాకా అట్లే ఉంటుంది. ఘాట్‌లో మనం తిరిగేది సరిగ్గా ఆ రేంజిలోనే.

తిరుపతి వాడు ఘాట్ అంటే ముందు అందరికీ గుర్తొచ్చేది తిరుమల కొండే కానీ డ్రైవింగ్ సరదా కోసం అక్కడికి పోయే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. అలిపిరి దగ్గర చెకింగ్, డిక్కీ కూడా తెరిచి చూస్తారు, టైమ్ వేసి స్లిప్ ఇస్తారు, పైకి 28 నిమిషాలకన్నా ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాలకన్నా ముందు దిగకూడదు, ముందొస్తే ఫైన్. రూల్ మంచిదే, అంతమంది భక్తులు, బస్సులు, చిన్నపిల్లలు ఉండే రోడ్డు అది. కానీ దిగేటప్పుడు ఆ పాత ఘాట్ రోడ్డు, 1944 నాటిది, ఒక్కటి మాత్రం బాగా నేర్పిస్తుంది, బ్రేకు తొక్కకుండా సెకండ్ గేర్లో ఇంజన్ బ్రేకింగ్ మీద దిగడం. ముందు పోయే టాక్సీలు, బయటి ఊరి కార్లు మలుపు మలుపుకీ బ్రేకు లైట్లు వెలిగిస్తా ఉంటాయి, కాలిన వాసన అద్దం మూసినా లోపలికొస్తుంది. మన బండి సెకండ్‌లో పెట్టి కాలు తీసేస్తే చాలు, అదే పట్టుకుని దింపేస్తుంది.

నా అసలు రోడ్డు భాకరాపేట ఘాట్. చంద్రగిరి దాటి రంగంపేట కాలేజీల దగ్గర కుర్రోళ్ల బైకులు తప్పించుకుంటే ఇంగ ఊపిరి పీల్చుకోవచ్చు, ఆ తర్వాత అడవి మొదలవుతుంది. పొద్దున ఐదున్నరకి ఇంట్లోంచి బయల్దేరితే ఘాట్ మొదట్లోకి వచ్చేసరికి తెల్లారుతుంది. అప్పుడు మదనపల్లె టమోటా లోడు బండ్లు ఎదురొస్తాయి, వాళ్లు మలుపులో వెడల్పుగా తిప్పక తప్పదు, రోడ్డు మొత్తం వాళ్లదే, కాబట్టి ప్రతి మూల మలుపుకీ హారన్ కొట్టి, మన లైన్లో మనముండి, సెకండ్‌లోకి దించుకుని పోవాల. ఇక్కడే ఈ కారు గొప్పతనం తెలిసేది. మలుపులోకి తిప్పగానే ముక్కు పక్కకి జారిపోకుండా ఎటు తిప్పితే అటు కరుచుకుని పోతుంది, బాడీ అటూ ఇటూ ఊగదు, బయటికొచ్చేటప్పుడు రొంత కాలు వత్తితే టర్బో లేచి వెన్నుమీద నెట్టినట్టు పైకి లాగుతుంది, థర్డ్ వేసేలోపే ఇంకో మలుపు. మీటర్ చూస్తే యాభై, అరవై. అంతే! ఆ యాభైకే ముఖం మీద నవ్వు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా, ఈ ఘాట్‌లో రేసింగ్ చేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి వస్తున్న బృందం బస్సు ఇక్కడే లోయలో పడి ఎంతమంది పోయారో మన వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మలుపు లోపలి వైపు కంకర పేరుకుని ఉంటుంది, వానాకాలంలో రాళ్లు జారి ఉంటాయి, గోడ మీద కోతులు కూర్చుని ఉంటాయి, ఎవరో అరటిపండు విసిరితే రోడ్డు మధ్యకి దూకేస్తాయి. బండికి ఎంత గ్రిప్ ఉన్నా కంకర మీద అందరూ ఒకటే.

నిజంగా తొక్కాలని సరదాగా ఉంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు, మనకి తిరుత్తణి మీదుగా మూడు గంటల దారి, ట్రాక్ డేలు పెట్టినప్పుడు సొంత కారుతో పోవచ్చు. హెల్మెట్ కావాల, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు బాగుండాల. అక్కడ తెలిసింది ఏమంటే ఈ పోలో ట్రాక్ బండి కాదు, కొన్ని రౌండ్లు గట్టిగా తొక్కేసరికి బ్రేకు పెడల్ మెత్తబడిపోతుంది, చల్లారనిచ్చి మళ్లీ పోవాల. ఘాట్‌కి సరిపోయే బ్రేకులే ఇవి, ట్రాక్‌కి మంచి ప్యాడ్లు, మంచి బ్రేక్ ఫ్లూయిడ్ వేసుకుని పోవడం మేలు.

హార్సిలీ హిల్స్ ఇంకో రకం. 1,200 మీటర్లకు పైనే ఎత్తు, రోడ్డు సన్నం, ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. అక్కడ స్పీడు మాట లేదు, కిటికీలు దించుకుని చల్లగాలికి నింపాదిగా పోవాల. ఇంటి వాళ్లని తీసుకుపోయేది ఆ రోడ్డుకే. వచ్చేటప్పుడు పీలేరులో సంగటి, నాటుకోడి పులుసు. నాకైతే వీకెండ్ కారు ఖర్చులో సగం ఈ తిండికే పోతుంది, అది బండి లెక్కలో రాయాలా వద్దా అని మా ఆవిడతో ఇప్పటికీ గొడవే.

ఇంటి వాళ్లంటే గుర్తొచ్చింది, వెనక సీటు. మా నాయన ఒకసారి కూర్చుని, ‘ఇంత దుడ్డు పోసి కాళ్లు ముడుచుకుని కూర్చోవాల్నా, దీనికంటే మన పాత ఇండికానే మేలు గదరా’ అన్నాడు. ఆయన తప్పు కాదు. ముందు సీట్లో పొడుగు మనిషి ఉంటే వెనక పిల్లలే కూర్చోగలరు. నలుగురు పెద్దాళ్లు రోజూ తిరిగే ఇల్లయితే ఈ కారు వద్దు, పంతం పట్టకండి.

సస్పెన్షన్ ఘాట్‌లో ఎంత హాయిగా ఉంటుందో ఊళ్లో అంత గట్టిగా ఉంటుంది. మన పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్నవే కదా, ఎత్తుకి లెక్కాపత్రం ఉండదు, పైన తెల్లరంగు కూడా ఉండదు. నలుగురు ఎక్కితే కొన్ని చోట్ల కింద గీసుకుంటుంది, ఏటవాలుగా ఎక్కించుకోవాల. పుత్తూరు వైపు ఒకసారి వానకి కొట్టుకుపోయిన కల్వర్టు పక్కన గుంతలో పడి టైరు పక్కన బుడగ లేచింది, 16 అంగుళాల చక్రాలకి టైర్ గోడ తక్కువ కాబట్టి ఇలాంటివి జరుగుతాయి. టైరు మారిస్తే మళ్లీ రెండూ ఒకే కంపెనీవి మార్చుకోండి, ముందు రెండు చక్రాలకీ తేడా టైర్లు పెడితే ఈ బండి మలుపుల్లో ఉన్న రుచంతా పోతుంది.

ఇంకో సంగతి, 1500 ఆర్పీఎం కింద ఈ ఇంజన్ నిద్రపోతా ఉంటుంది. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో సెకండ్‌లో పాకుతూ పోతుంటే గుంజుతుంది, ఫస్ట్‌కి దించాల్సిందే, క్లచ్ కాలు నొప్పి. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఆగి ఉన్నప్పుడు సీటుకి సన్నగా వణుకు తెలుస్తుంది. వారమంతా ఊళ్లో తిరిగేవాళ్లు ఆటోమేటిక్ చూసుకోండి, 2020 తర్వాత వచ్చిన పోలో జీటీలో 6 గేర్ల మామూలు ఆటోమేటిక్ (టార్క్ కన్వర్టర్) ఉంది, అంతకుముందు 1.2 ఇంజన్ జీటీలో ఉండేది 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. డీఎస్‌జీ షిఫ్టులు చాలా ఫాస్టు, కానీ పాతది కొనేటప్పుడు తెలిసిన మెకానిక్‌తో చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, గేర్‌బాక్స్ రిపేర్ వస్తే జేబు ఖాళీ.

మైలేజీ అడక్కుండా మనోళ్లు వదలరు. కంపెనీ లెక్క లీటరుకి 18.24 కిలోమీటర్లు. కడప రోడ్డులో ఎనభైలో నిదానంగా పోతే పదిహేడు దాటుతుంది, ఘాట్‌లో మురిపెంగా తిప్పితే పదకొండు పన్నెండు, ఊళ్లో ఆ మధ్యలో ఏదో ఒకటి. మన రాష్ట్రంలో పెట్రోల్ రేటు పక్క రాష్ట్రాల కన్నా ఎక్కువ కాబట్టి తమిళనాడు వైపు పోయినప్పుడు ట్యాంకు నింపుకుని రావడం అలవాటైపోయింది, 45 లీటర్ల ట్యాంకు, నింపితే మళ్లీ రెండు వీకెండ్లు చూసుకోనక్కర్లేదు.

వేరేవి నడపలేదా అంటే నడిపా. మా బావమరిది దగ్గర ఐ20 ఎన్ లైన్ ఉంది, 120 హార్స్ పవర్, వెనక కూడా డిస్క్ బ్రేకులు, సైలెన్సర్ శబ్దం బాగుంటుంది, వెనక సీటు మా నాయనకి నచ్చింది. స్టీరింగ్ మాత్రం చక్రాల కింద ఏం జరుగుతుందో పోలో అంత బాగా చేతికి చెప్పదు. కొనేటట్టయితే 2023 తర్వాతది చూడండి, అప్పట్నుంచి క్లచ్ పెడల్ ఉన్న మాన్యువల్ వచ్చింది, అంతకుముందుది క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మనమే మార్చుకునే ఐఎంటీ, అదేందో నాకు కాలు ఖాళీగా ఉన్నట్టుండి పడలేదు. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో వచ్చింది, అప్పుడు 9.49 లక్షల ఎక్స్ షోరూమ్ నుంచి మొదలు, అదీ 120 హార్స్ పవరే, చల్లగాలి వచ్చే సీట్లు, 360 కెమెరా అన్నీ ఇచ్చారు. మే నెల మన ఎండలో ఆ సీట్ల విలువ తెలుస్తుంది. ఫీచర్లు కావాలి, ఇంట్లో ఒకటే కారు అనేవాళ్లు కళ్లు మూసుకుని ఈ రెండింట్లో ఒకటి తీస్కోండి, నేనేం అనుకోను. మలుపుల కోసమే రెండో బండి అయితే నా ఓటు పోలోకే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది, బయటికి అచ్చం ఇలాగే ఉండే 1.0 ఎంపీఐ పోలో కూడా ఉంది, దానికి టర్బో లేదు, టార్క్ 95 ఎన్ఎం మాత్రమే. అమ్మేవాడు ‘1.0 పెట్రోల్ అన్నా’ అంటాడు, అబద్ధం కూడా కాదు. వెనక డిక్కీ మీద స్టిక్కర్ ఎవరైనా అంటించుకోవచ్చు కాబట్టి ఆర్సీలో వేరియంట్ చూడండి, గేర్ నాబ్ మీద 6 ఉందో లేదో చూడండి, ఎంపీఐకి 5 గేర్లే. చెన్నై బండి అయితే కార్పెట్ ఎత్తి సీటు పట్టాల కింద తుప్పు, బురద చూడండి, అక్కడ 2015లో, 2023లో వరదలకి మునిగిన కార్లు చాలానే ఉన్నాయి. బెంగళూరు బండ్లు శుభ్రంగానే ఉంటాయి కానీ ట్రాఫిక్‌లో క్లచ్ అరిగి ఉంటుంది, థర్డ్ గేర్లో ఎత్తు మీద గట్టిగా వత్తినప్పుడు ఆర్పీఎం లేచి స్పీడు పెరక్కపోతే క్లచ్ మార్పు ఖర్చు రేటులో తగ్గించమనండి.

కంపెనీ కారు ఆపేసింది కదా స్పేర్లు దొరుకుతాయా అని భయం వద్దు, ఇదే కుటుంబం 1.0 టీఎస్ఐ ఇంజన్ ఇప్పుడు టైగూన్, వర్టస్, స్కోడా కుషాక్, స్లావియాల్లో వస్తోంది కాబట్టి ఇంజన్ పని తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు. బంపర్లు, హెడ్‌లైట్ల లాంటివి మాత్రం కొన్నిసార్లు ఆర్డర్ పెట్టి ఆగాల. బయట గ్యారేజీకి ఇచ్చేట్టయితే ఆయిల్ గ్రేడు మీరే చెప్పి, డబ్బా సీలు మీ ముందే తెరిపించండి. ఊళ్లో ఒక గ్యారేజీలో నా బండికి ఏదో డ్రమ్ము ఆయిల్ పోయబోతుంటే పక్కనే ఉండి ఆపా. బ్యాటరీకి దిగుల్లేదు, అమరాన్ మన కరకంబాడిదే.

ఇంగ వేరే రాష్ట్రం బండి కొంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫైనాన్స్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్, ఇక్కడికొచ్చాక బండి వయసుని బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆ తర్వాతే ఏపీ నంబరు. ఈ ట్యాక్స్ లెక్క ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని బేరం ఆడండి, బండి చవగ్గా వచ్చిందని సంబరపడి తెచ్చుకుంటే ఆ తేడా మొత్తం ఇక్కడ కట్టాల్సొస్తుంది. కాణిపాకంలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించేది పేపర్లన్నీ చేతికొచ్చాకే పెట్టుకోండి.