వియన్నాలో రెండు సెమిస్టర్లు, రెండు గదులు

హైదరాబాదులో ఎం.ఏ. చదువుతూ, ఎక్స్ఛేంజ్ విద్యార్థినిగా 2022 అక్టోబరు నుంచి 2023 జూన్ ఆఖరు వరకు వియన్నా విశ్వవిద్యాలయంలో ఉన్నాను. వెళ్లేముందు నా బెంగ అంతా జర్మన్ భాష గురించే. నన్ను నిజంగా కష్టపెట్టింది మాత్రం అద్దె గది.

మొదటి గదిని నగరంలోని ఫావోరిటెన్ అనే పేటలో ఒక ప్రైవేటు యజమాని దగ్గర, ఫొటోలు మాత్రమే చూసి తీసుకున్నాను. గదిలో దిగిన మూడు రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలన్నది అక్కడి చట్టం. ఆ ఫారం మీద సంతకం కోసం ఆయన చుట్టూ రెండు రోజులు తిరిగాను. చలికాలంలో రోజుకు రెండుమూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి గాలి మార్చాలని నాకెవరూ చెప్పలేదు. చలికి భయపడి తలుపులన్నీ బిగించి పప్పు వండుకున్నాను, బట్టలు ఆరేసుకున్నాను. జనవరికల్లా మంచం వెనుక గోడకు అరచేయంత నల్లటి బూజు పట్టింది. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 180 యూరోలు కోసేశారు. తప్పులో సగం నాదేనని ఒప్పుకుంటాను కానీ, ఆ గోడ నేను చేరేనాటికే చెమ్మగా ఉందని చూపడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేకపోయింది.

ఆ గది వల్ల కలిగిన మేలు ‘డి’ అనే రూటులో నడిచే ట్రామ్ ఒక్కటే. బెల్వెడేర్ రాజభవనం, ఆపెరా అనే సంగీత నాటకశాల, పార్లమెంటు మీదుగా సాగి, 1884లో ప్రారంభమైన విశ్వవిద్యాలయ ప్రధాన భవనం దగ్గర దింపేది. వియన్నాలో నివాసం నమోదైన విద్యార్థులకు అప్పట్లో సెమిస్టర్ పాస్ 75 యూరోలే కావడంతో మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ అందులోనే గడిచిపోయాయి. కుళాయి నీళ్లకూ వంక పెట్టలేను. 1873 నుంచీ ఆల్ప్స్ కొండల ఊటనీరు పంపులతో పని లేకుండా పల్లానికి పారుతూ నగరానికి చేరుతోంది. మొదటి నెల సీసాల నీళ్లు కొన్నందుకు ఇప్పటికీ నవ్వుకుంటాను.

వసంతంలో మారిన విద్యార్థి వసతిగృహం నూటికి నూరుపాళ్లూ మెరుగు. గది చిన్నదే, వంటగది అంతస్తు మొత్తానికీ ఒక్కటే, పోపు వాసన మీద ఒకటి రెండు విసుర్లూ పడ్డాయి. అయినా తాళంచెవి ఇచ్చిన రోజే మేనేజరు నా ఎదుటే గోడలు, కుళాయి, పరుపు పరిశీలించి కాగితం మీద రాసి సంతకం తీసుకున్నారు.

భోజనం సంగతికొస్తే, క్యాంటీన్‌లో శాకాహారం దొరికేది గానీ నాలుక ఒప్పుకోలేదు. నాష్‌మార్క్ట్ అనే బజారు పరిసరాల ఆసియా దుకాణాల్లో కందిపప్పు, ఆవాలు కొనుక్కునేదాన్ని. ఆదివారం దుకాణాలు మూసేస్తారన్నది మరిచి, పెద్ద రైల్వేస్టేషన్లలో తెరిచి ఉండే సూపర్‌మార్కెట్ వరుసలో చాలాసార్లు నిలబడ్డాను. అక్కడి కౌంటర్లోని అమ్మాయి "సాకెర్ల్?" అని అడిగితే తెల్లబోయాను. సంచి కావాలా అని ఆమె భావం. పాఠ్యపుస్తకంలో టొమాటే, కార్టొఫెల్ అని నేర్చుకున్న టమాటా, బంగాళాదుంపలు అక్కడ పారడైసర్, ఎర్డ్ఎప్ఫెల్ అయి కూర్చున్నాయి.

ఆపెరాకు వెళ్లేవారు నిలబడి చూసే టికెట్టే తీసుకోవాలని నా సలహా. ముందున్న కడ్డీకి స్కార్ఫు కట్టి కాసేపు పక్కకు వెళ్లినా ఆ చోటు మీదేనని అందరూ గౌరవిస్తారు. మన బస్సు సీటు మీద వేసే కర్చీఫు ఆచారం వియన్నాలోనూ చెల్లుతుందని చూసి మా అమ్మకు వెంటనే ఫోన్ చేశాను. మూడో అంకానికల్లా మోకాళ్లు మాత్రం మొరాయిస్తాయి.

జూన్ చివర్లో మేనేజరు అదే కాగితం తీసి, అదే వరుసలో గోడలు, కుళాయి, పరుపు చూశారు. డిపాజిట్ మొత్తం నా ఖాతాలో పడింది.