జేమ్స్‌టౌనా, ప్లిమతా?

అమెరికాలో ఇంగ్లీషోళ్ల మొదటి కాలనీ అనగానే చాలామందికి ప్లిమత్‌కి (ఇప్పటి మసాచుసెట్స్‌లో) జనాన్ని తెచ్చిన మేఫ్లవర్ ఓడే గుర్తొస్తది, కానీ అది 1620 సంగతి, అంతకు 13 ఏళ్ల ముందే, 1607లో, వర్జీనియాలో జేమ్స్‌టౌన్ పెట్టేశారు. పెట్టింది వర్జీనియా కంపెనీ, అంటే పక్కా బిజినెస్సే, బంగారం దొరుకుద్దని ఆశ. దిగింది నూట చిల్లర మగాళ్లు, పిల్లకాయలు, అదీ బురద నేలలో, తాగే నీళ్లు ఉప్పగా. 1609-10 చలికాలంలో తిండి లేక గుర్రాలు, కుక్కలు, ఎలకలు అయిపోయాక చచ్చిపోయిన ఓ పద్నాలుగేళ్ల పిల్లని కోసుకు తిన్నారు, ఎముకల మీద కత్తి గాట్లు 2012 తవ్వకాల్లో బయటపడ్డాయి. చివరికి నిలబెట్టింది పొగాకు, దాంతోపాటే 1619లో ఆఫ్రికన్లని తెచ్చి అమ్మడం కూడా మొదలైంది.

ప్లిమత్‌కి వచ్చినోళ్లలో మతం కోసం వచ్చినోళ్లు చాలామంది, పెళ్లాం పిల్లలతో సహా. వాళ్లలోనూ మొదటి చలికాలానికే దాదాపు సగం మంది పోయారు. ఇళ్లు కట్టుకుంది మాత్రం అంటురోగంతో ఖాళీ అయిపోయిన పటుక్సెట్ అనే అక్కడి ఆదివాసుల ఊరి మీద, ఆ ఊరివాడే టిస్క్వాంటమ్ చేపల్ని ఎరువుగా వేసి మొక్కజొన్న పండించడం నేర్పాడు. థాంక్స్‌గివింగ్ అనే అమెరికా పండగ కథ పుణ్యమా అని పేరంతా ప్లిమత్‌కే పోయింది గానీ, తర్వాతి అమెరికా ఎలా తయారైందో తెలియాలంటే నా లెక్కలో జేమ్స్‌టౌనే చదవాలి.