లూసర్నా, దశరథ గడ్డా?

లూసర్న్, దశరథ గడ్డి పశువుల మేత మొక్కలు. ఒంగోలు పరిసరాల్లో పశువులు పెంచే రైతులు రెండింటినీ గడ్డి అనే అంటారు. నిజానికి రెండూ చిక్కుడు కుటుంబానివే, ఏళ్ల తరబడి బతికేవే.

లూసర్న్ ఆకుకు మూడు రెక్కలు. నడిమి రెక్కకు కాడ కాస్త పొడవు, కొసన సన్నని రంపపు పళ్లు. ఊదా పూలు గుత్తులుగా పూస్తాయి. కాయ నత్తగుల్లలా రెండు మూడు చుట్లు తిరిగి ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని చూడవలసిన అందం అది! దశరథ గడ్డి ఆకులు అత్తిపత్తిని తలపిస్తాయి. తెల్లని చిన్న పూలబంతులు, సన్నని తిన్నని కాయలు.

లూసర్న్ తల్లివేరు చాలా లోతుకు దిగుతుంది, కానీ నీరు నిలిస్తే కుళ్లుతుంది. పచ్చిగా ఎక్కువ మేపితే పశువుకు కడుపు ఉబ్బుతుంది. మన ఎండలకు నేను దశరథ గడ్డినే ఎంచుకుంటాను. ముదరకముందే కోయాలి, లేకపోతే కాండం కట్టెబారుతుంది.