నల్లరేగడి మిరప చేనులో టెన్షియోమీటరు: ఒక పంటకాలం వాడి చూశాక

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర నల్లరేగడిలో డ్రిప్పు కింద సాగు చేస్తున్న నాలుగెకరాల మిరపకు తడి ఎప్పుడివ్వాలో తేల్చుకోవడానికి నిరుడు రెండు టెన్షియోమీటర్లు కొన్నాను. రెండింటికీ అయిన ఖర్చు ఆ చేనుకు ఒక విడత మందు కొట్టించడానికి అయ్యేంత.

ఈ పరికరం నేలలో ఎంత నీరుందో కొలవదు, ఆ నీటిని లాక్కోవడానికి వేరు ఎంత బలం పెట్టాలో చెబుతుంది. నీళ్లు నింపిన గొట్టానికి అడుగున సన్నని రంధ్రాల పింగాణీ కప్పు, పైన గేజీ ఉంటాయి. మట్టి ఆరేకొద్దీ కప్పులోని నీటిని బయటికి లాగుతుంది, ముల్లు సున్నా నుంచి పైకి జరుగుతుంది. లేటరల్ (మొక్కల వరుస వెంట నీరు చుక్కలుగా వదిలే సన్నని డ్రిప్పు పైపు) పక్కన, మొక్క మొదలుకు జానెడు దూరంలో ఒకదాన్ని 15, మరొకదాన్ని 30 సెంటీమీటర్ల లోతున దింపాను. పైది 40 సెంటీబార్లు (ఆ లాగుడు బలానికి కొలత; అంకె పెరిగేకొద్దీ మట్టి ఆరినట్టు) దాటితేనే మోటారు వేయాలని నియమం పెట్టుకున్నాను.

నిజంగా పనికొచ్చింది కింది గేజీ. నవంబరులో పైమట్టి తెల్లబడి, మధ్యాహ్నం ఆకులు వాలినప్పుడు చుట్టుపక్కల మోటార్లన్నీ ఆడాయి. నా కింది గేజీలో ముల్లు 12 మీదే ఉండటంతో మనసు పీకుతున్నా ఆగాను. సాయంత్రానికి ఆకులు నిలబడ్డాయి. రేగడిలో అదనపు తడి వేరుకుళ్లుకు దారి తీస్తుంది కనుక ఆ ఆగడం నాకు లాభమే.

లోపం కూడా రేగడి దగ్గరే బయటపడింది. జనవరిలో చేను వేలు దూరేంత నెర్రెలిచ్చినా పై గేజీ సున్నా చూపించింది. మట్టి ముడుచుకుని కప్పును వదిలేయడంతో గాలి లోపలికి చేరిందని గొట్టంలోని బుడగలు చూశాకే అర్థమైంది. 80 సెంటీబార్లు దాటితే మంచి పరికరమైనా ఇలాగే చేతులెత్తేస్తుందన్న సంగతి అమ్మిన దుకాణంవారు చెప్పనేలేదు; మూతలోని రబ్బరు వాషరు కారుతోందని వెళితే కొత్త మూత కొనుక్కోమన్నారు. ఆ గుంతలోని మట్టినే పలచటి బురదగా కలిపి పోసి కప్పును మళ్లీ దింపి, కాచి చల్లార్చిన నీళ్లు నింపాక ముల్లు దారికొచ్చింది.

మట్టిలో గుచ్చి తడి చూసే రెండు పుల్లల చవక మీటర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. డ్రిప్పులో ఎరువు వదిలిన మర్నాడు అవి ఎరువులోని ఉప్పును చూసి తడి అంటాయి. వంతు వచ్చినప్పుడే నీరందే సాగర్ కుడికాలువ కింది రైతులకు టెన్షియోమీటరు కూడా దండగే, ముల్లు 40 చూపినా కాలువ రాదు కదా. బోరు, డ్రిప్పు రెండూ ఉన్నవారు కొనవచ్చు, కాకపోతే వారానికోసారి మూత తీసి నీళ్లు నింపే ఓపిక ఉండాలి.